ప్రతినాయకుడి వేషం కట్టేవాళ్ళకు: ముప్పై రోజుల తయారీ

తిరునాళ్ళకు నాటకం ఒప్పుకోగానే కమిటీవాళ్ళు అడిగే మొదటి మాట, కృష్ణుడెవరని. దుర్యోధనుడి సంగతి చివర్లో తేలుతుంది. ఊళ్ళో ఒళ్ళూ గొంతూ పెద్దవిగా ఉన్నవాడెవడో చూసి ఆ కిరీటం అతని నెత్తిన పెడతారు. సగం నాటకం అక్కడే పోతుంది. ఎదురుగా కూర్చున్నవాడు గట్టివాడు కాకపోతే కృష్ణుడు ఎంత బాగా పద్యం ఎత్తుకున్నా అది గోడకు చెప్పినట్టే ఉంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళలో మొదటిసారి దుర్యోధనుడో, కీచకుడో, సాంఘికంలో వడ్డీ వ్యాపారో కట్టబోయేవాళ్ళ కోసం రాస్తున్నాం. చేతిలో నెల రోజులున్నాయనుకుందాం. ఈ నెలంతా చేయాల్సిన పని ఒకటే: తగ్గించుకోవడం. అరుపు, కదలిక, రంగు మూడూ తగ్గాలి. ఎక్కడ ఎంత తగ్గించాలో, తగ్గించకపోతే ఏం చెడుతుందో కింద చెబుతాం.

మొదటి వారం: అద్దం జోలికి పోవద్దు

మొదటి ఏడు రోజులు నిలబడి అభినయించవద్దు. కూర్చుని చదవండి. ఈ విషయంలో మన ప్రాంతంవాళ్ళు అదృష్టవంతులు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి భారతం రాశాడు కాబట్టి కీచకుడూ, రాయబారం నాటి దుర్యోధనుడూ ఇద్దరూ ఆయన చేతి మనుషులే. అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తిచేసిన ఎర్రన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలోనివాడు. ఘోషయాత్ర ఆయన రాసిన భాగంలోనే వస్తుంది. దుర్యోధనుడు కట్టేవాళ్ళు తప్పకుండా చదవాల్సిన ఘట్టం అది. పాండవుల ముందు దర్పం చూపించబోయి గంధర్వుల చేతికి చిక్కుతాడు. విడిపించేది మళ్ళీ ఆ పాండవులే. ఆ సిగ్గు భరించలేక అన్నం మానేసి ప్రాణం తీసుకుందామనుకుంటాడు. ఈ దెబ్బ మనసులో ఉన్న నటుడు రాయబారం సీనులో కృష్ణుణ్ణి చూసే చూపు వేరుగా ఉంటుంది. ఆ చూపులో కోపం కంటే లోపలి మంట ఎక్కువ కనిపిస్తుంది.

చదివాక ఒక కాగితం మీద మీ పాత్ర తరఫున నాలుగు ముక్కలు రాసుకోండి: నాకు రావలసింది ఏమిటి, దాన్ని ఎవరు అడ్డుకున్నారు, నేను ఎవరికి భయపడతాను, ఎవరి ముందు మాత్రం మెత్తబడతాను. దుర్యోధనుడు తనను దుర్మార్గుడనుకోడు. రాజ్యం తన తండ్రిది అనుకుంటాడు. కర్ణుడి మీద అతని స్నేహం నిజమైనది. ఈ నాలుగింటికీ జవాబు రాయలేనివాడు సీను మొదలైన రెండో నిమిషానికే కళ్ళు పెద్దవి చేసి పళ్ళు కొరకడం మొదలుపెడతాడు, చేయడానికి ఇంకేమీ దొరకదు గనక.

సీన్లు కూడా విడగొట్టుకోండి. పడక సీనులో దుర్యోధనుడు, పడుకుని ఉన్న కృష్ణుడి దగ్గరికి సాయం అడగడానికి వచ్చిన చుట్టం. అక్కడ మర్యాద ఉండాలి. రాయబారంలో అతను సింహాసనం మీది రాజు. మడుగు సీను నాటికి అన్నీ పోగొట్టుకున్నవాడు. మూడు చోట్లా ఒకే గొంతు, ఒకే నడక పెడితే చూసేవాళ్ళకు పడక సీనులోనే విసుగొస్తుంది. మొత్తం బలంలో పడక సీనుకు మూడో వంతు చాలు. రాయబారానికి మూడింట రెండు వంతులు. పూర్తి గొంతు రాత్రి మొత్తం మీద రెండు మూడు చోట్లకంటే వాడకండి. ఏ వాక్యాల దగ్గర వాడాలో ప్రతిలో పెన్సిల్‌తో గీసుకోండి.

గొంతు

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

పద్యాన్ని ముందు వచనంలా చదవాలి. ప్రతిపదార్థం తెలుసుకుని, ఊరివాడితో మాట్లాడుతున్నట్టు పదిసార్లు చెప్పాలి. రాగం ఆ తర్వాత. రాగంతోనే నేర్చుకున్నవాడు ఊపిరి అయిపోయిన చోట పదాన్ని విరుస్తాడు. విరిచిన చోట అర్థం పోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ప్రతి పాదంలోనూ నిలువు గీతతో గుర్తు పెట్టుకోండి.

శ్రుతి మీది మీకు ఉండాలి. ఒకటిన్నర, రెండు శ్రుతిలో హాయిగా పలికే గొంతును, కృష్ణుడు నాలుగులో పాడుతున్నాడని నాలుగుకు లాగితే మొదటి గంట బాగానే ఉంటుంది. రాయబారం వచ్చేసరికి పై స్థాయిలో గొంతు చీలుతుంది. హార్మోనిస్టుకు రిహార్సల్స్‌లోనే చెప్పి, మీ పద్యాలకు శ్రుతి మార్చే చోట్లు ఆయన ప్రతిలో రాయించండి. ఆయన అనుభవం ఉన్నవాడైతే శ్రుతి మార్పును మధ్యలో చిన్న వాయిద్యంతో కప్పేస్తాడు, జనానికి తెలియదు.

బిలహరి, అఠాణా, మోహన లాంటి రాగాలు ఈ వేషానికి బాగా నప్పుతాయి. ఆలాపన మాత్రం కురచగా ఉండాలి. కృష్ణుడు నిమిషం సాగదీస్తే అందం. కోపంలో ఉన్న రాజు నిమిషంపాటు రాగం తీస్తే కోపం చల్లారిపోతుంది. పది సెకన్లు చాలు. వన్స్‌మోర్ అంటే రెండోసారి పాడండి, కానీ అదే చోట, అదే చూపుతో మొదలుపెట్టండి. జనం వైపు తిరిగి నవ్వి దణ్ణం పెట్టారంటే ఆ సీనులోకి మళ్ళీ ఎక్కడం కష్టం.

నవ్వు సంగతి. వికటాట్టహాసం గొంతులోంచి తీస్తే మూడు రోజుల్లో బొంగురు వస్తుంది. చెయ్యి బొడ్డు మీద పెట్టుకుని, నోరు ఆవలించినంత తెరిచి, "హ" అని తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. చేతి కింద పొట్ట అదరాలి, మెడ నరాలు బిగుసుకోకూడదు. రోజుకు ఐదుసార్లు చాలు. గొంతులో గీరినట్టుంటే ఆ రోజుకు ఆపేయాలి. నాటకం మొత్తంలో అట్టహాసం ఒక్కసారే ఉంటే మేలు. అది కూడా, నవ్వడానికి ముందు మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరకుంటేనే.

తిండి దగ్గర మనవాళ్ళు జాగ్రత్తపడరు. నాటకం రోజు సాయంత్రం చేపల పులుసు, కారం దోసె వద్దు. పులుపూ కారమూ రాత్రి పైకి తన్నుకొచ్చి గొంతుకు వాపు తెస్తాయి. వేషానికి రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో పెరుగన్నమో తినండి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని సీనుకూ సీనుకూ మధ్య రెండు గుక్కలు తాగండి. సోడా, ఐసు నీళ్ళు ముట్టుకోవద్దు. మైకు ముందు గొంతు సవరించుకునే అలవాటుంటే మానుకోండి. దగ్గిన కొద్దీ ఇంకా దగ్గాలనిపిస్తుంది. దానికి బదులు ఒక గుటక మింగండి.

స్టాండు మైకుకు జానెడు దూరం. గొంతు పెంచే వాక్యానికి అర అడుగు వెనక్కి జరగాలి, లేకపోతే సౌండ్ బాక్సు పగిలినట్టు మోగి మాట అర్థం కాదు. వేలాడే మైకులైతే సరిగ్గా దాని కింద నిలబడవద్దు, కిరీటం తగిలి ధన్ ధన్‌మంటుంది.

నిలబడటం

పదో రోజు నుంచి నిలబడండి. వేదిక కొలతలు ముందే కనుక్కుని, ఇరవై అడుగుల వెడల్పయితే ఇంటి ముందు ముగ్గుతో అంత గీసుకుని సాధన చేయాలి. సింహాసనం ఎక్కడ, మైకులు ఎక్కడ, తెర ఎటు లాగుతారు అన్నీ గుర్తు పెట్టండి.

తెర తీశాక నాలుగు అంకెలు కదలకుండా ఉండాలి. కొత్తవాడికి ఆ నాలుగు అంకెలు నాలుగు గంటల్లా అనిపిస్తాయి, చేయి మీసం మీదికి పోతుంది. పోనివ్వకండి. మీసం దువ్వడం రాత్రికి రెండుసార్లకు మించితే దానికి విలువ లేదు. రాయబారం సీనులో కృష్ణుడు మాట్లాడేంతసేపూ దుర్యోధనుడు చేయాల్సింది వినడమే. ఆసనం చేతి మీద వేళ్ళు ఒక్కసారి బిగిస్తే పదో వరుసవాడికి కనిపిస్తుంది, మిగతా ఒళ్ళు కదలకుండా ఉంటే.

కావలిలో 1925లో పుట్టిన రాజనాల కాళేశ్వరరావును ఇక్కడ తలుచుకోవాలి. నెల్లూరులో రెవెన్యూ ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, 1953లో ‘ప్రతిజ్ఞ’తో సినిమా ప్రతినాయకుడైన మనిషి ఆయన. కథానాయకుడిగా కాంతారావు కూడా ఆ సినిమాతోనే పేరు తెచ్చుకున్నారు. తర్వాత జానపదాల్లో ఈ ఇద్దరి కత్తియుద్ధాలంటే జనం ఎగబడేవారు. 1961 నాటి ‘జగదేకవీరుని కథ’ వెతికి చూడండి. ఈసారి మాటలు వినకుండా ఆయన మెడ, భుజాలు, కూర్చునే తీరు మాత్రమే గమనించండి. ఆడదాని మీది కోరిక ఒక రాజును ఎలా వెర్రివాణ్ణి చేస్తుందో ఒంటితో చూపిస్తారు. కీచకుడు కట్టేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం లేదు. నకలు కొట్టమని కాదు. రాజనాలలా నవ్వబోయి సొంత గొంతు పోగొట్టుకోవద్దు. ఎక్కడ ఆగాడో, ఎంతసేపు ఆగాడో లెక్కపెట్టి, ఆ ఆగడాన్ని మీ సీనులోకి తెచ్చుకోండి.

గద, కత్తి, కొప్పు

అద్దె సామాన్లలో వచ్చే గద పిడి తరచుగా వదులై ఉంటుంది. సొంతంగా చేసుకోవడం మంచిది. రెండున్నర అడుగుల వెదురు కర్ర, ఎనిమిది అంగుళాల రబ్బరు బంతి తీసుకోండి. బంతికి బెజ్జం చేసి కర్ర గుచ్చి, పాత గుడ్డతో గట్టిగా కట్టాలి. దాని మీద మైదా జిగురుతో వార్తాపత్రిక ముక్కలు ఏడెనిమిది పొరలు అంటించాలి. రెండు పొరలకొకసారి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద తడి పెడితే లోపల బూజు పట్టి, మెత్తబడి, వేదిక మీద సొట్టపోతుంది. జిగురులో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వకూడదు. చివరికి బంగారు రంగు. అంతా కలిపి కిలో లోపే ఉంటుంది. అందుకే బరువు మీరు నటించాలి. ఎత్తే ముందు మోకాళ్ళు కొద్దిగా వంచి, ఊపిరి బిగబట్టి, భుజంతో ఎత్తండి. మణికట్టుతో తిప్పేశారంటే అట్ట గద అని అందరికీ తెలిసిపోతుంది.

కత్తి అంచు మొండిగా, మొన గుండ్రంగా ఉండాలి. వేటు పూర్తయినప్పుడు మొనకూ ఎదుటివాడి ఒంటికీ మధ్య జానెడు ఖాళీ తప్పకుండా ఉండాలి. వేట్లు ఎనిమిదికి మించి పెట్టవద్దు. అంకెలతో నేర్చుకోండి: ఒకటి కుడి భుజం, రెండు ఎడమ నడుము, ఇలా. పది రోజులు నెమ్మదిగా, చివరి ఐదు రోజులు అసలు వేగంలో. ప్రతి వేటుకు ముందు కళ్ళు కలవాలి. కళ్ళు కలవకపోతే వేటు లేదు. నాటకం రోజు రంగు వేసుకోకముందే ఆ వేదిక మీదే ఒకసారి చేసి చూడాలి. పలకల మధ్య సందులో కాలి మడమ ఇరుక్కోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

కీచకుడి సీను, వస్త్రాపహరణం వేరే సంగతి. ద్రౌపది కట్టే ఆవిడ చాలాసార్లు బయటి ఊరి నుంచి అదే సాయంత్రం దిగుతారు. ఆవిడ రంగు వేసుకోకముందే వెళ్ళి, "అమ్మా, ఈ సీను ఒకసారి చూసుకుందాం" అని అడిగి, చెయ్యి ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడకూడదో తేల్చుకోండి. ఒప్పుకున్నదానికి మించి వేదిక మీద ఒక్క వేలు కూడా కదలకూడదు. జనం ఈలలు వేస్తున్నారని ముందుకు పోయేవాడు నటుడు కాడు, అలాంటివాణ్ణి మళ్ళీ పిలవకండి.

కొప్పు పట్టి లాగడంలో పట్టు మీది, అదుపు ఆవిడది. మీ పిడికిలి తల మీద వాలుతుంది, జుట్టును పట్టదు. ఆవిడ రెండు చేతులతో మీ మణికట్టు పట్టుకుని తనే కదులుతారు. మీరు వెంట వెళ్ళాలి, అంతే. చెంపదెబ్బకు చేయి ముఖం ముందు నుంచి అడుగు దూరంలో పోతుంది, చప్పుడు తెర పక్కనున్నవాడు చప్పట్లతో ఇస్తాడు. దెబ్బ తినేవాళ్ళు జనానికి కొంచెం వీపు తిప్పి ఉంటే మోసం తెలియదు. చీర లాగే సీనుకు లోపలి చీరకు నడుం దగ్గర నాలుగు వైపులా పిన్నులు పెట్టి, పై చీరను పిన్ను లేకుండా చుట్టాలి. లాగే వేగం ఆవిడ తిరిగే వేగాన్ని దాటకూడదు. జారిన చీర ఆవిడ పాదాల కింద పోగుపడకుండా మీ వైపు గుంజుకుంటూ పోవాలి.

రంగూ మీసమూ

పాత పెట్టెల్లో అర్దళం (పసుపు), ఇంగిలీకం (ఎరుపు), సఫేదా (తెలుపు) రంగు పొడులు ఇంకా కనిపిస్తాయి. పారేయండి. అర్దళంలో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి. చెమటతో ఒంట్లోకి, పెదాల మీద నుంచి కడుపులోకి పోతాయి. మెరుపు కోసం గూడూరు వైపు దొరికే అభ్రకం పొడి చల్లుకునేవాళ్ళూ ఉన్నారు. ఆభరణాల అట్ట మీద చల్లితే మంచిదే, ముఖం మీద వద్దు, కంట్లో పడితే గీరుతుంది.

పాన్‌కేక్ చాలు, అంటే తడి స్పాంజితో పూసుకునే మేకప్ బిళ్ళ. ముఖం సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు ముక్కతో రెండు నిమిషాలు తుడిస్తే చెమట కొంత ఆలస్యంగా పడుతుంది. కొబ్బరినూనె రాసి పైన పాన్‌కేక్ వేస్తే చారలు కడుతుంది. తడి స్పాంజితో పలుచగా ఒక పూత, ఆరాక కావలసిన చోట రెండోది. చెవులు, మెడ మరిచిపోకండి. కనుబొమ్మ చివర పావు అంగుళం పైకి లాగాలి, అంతకు మించితే రాక్షసుడవుతాడు. కళ్ళ ఎరుపు కోసం కంట్లో ఏదీ వేయవద్దు. కింది రెప్ప వెంట్రుకల బయట సన్నని ఎర్ర గీత గీస్తే దూరం నుంచి కళ్ళే ఎర్రబడినట్టు ఉంటుంది. అంతా అయ్యాక వేదిక దీపాల కింద నిలబడి, పదో వరుసలో ఒకణ్ణి కూర్చోబెట్టి అడగండి. పసుపు దీపాలకు సరిపోయిన రంగు తెల్లని ఎల్‌ఈడీ కింద పాలిపోతుంది.

సొంత మీసం నాలుగైదు గంటల ముందే గొరిగేసుకోవాలి. అప్పుడే గీసిన చర్మం మీద స్పిరిట్ గమ్ (పెట్టుడు మీసం అంటించే జిగురు) మండుతుంది. ముందు రోజు చెవి వెనక చుక్క రాసి చూడండి, దద్దురొస్తే వాడకండి. గమ్ పలుచగా రాసి, వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, అప్పుడు మీసం అంటించి తడి గుడ్డతో అదమాలి. తడిగా ఉండగా పెడితే జారుతుంది. ముక్కు కింది గాడిలో గమ్ వద్దు. అక్కడ చెమట ఎక్కువ పడుతుంది, పైగా పెదవి కదలాలి. చివరలు మాత్రం గట్టిగా అంటాలి, ఊడేది అక్కడి నుంచే. గమ్ సీసా దీపానికీ బీడీకీ దూరంగా ఉంచండి, భగ్గుమంటుంది. చెమట పడితే తుడవకండి, మెత్తని గుడ్డతో అద్ది పైన పౌడరు వేయండి.

సాంఘికమైతే

గళ్ళ లుంగీ, ఎర్ర కళ్ళు, మెడలో గొలుసు ఇవన్నీ జనం చూసి చూసి ఉన్నారు. మన చుట్టూ ఉన్న మనిషిని చూడండి. రొయ్యల మేత, పిల్ల అప్పుగా ఇచ్చి, పట్టుబడి నాడు యాభై కౌంటు (కిలోకు యాభై తూగే) రొయ్యను, ధర తక్కువ పలికే అరవై కౌంటని రాసుకునే వ్యాపారి. పొగాకు బేళ్ళు తిరగ్గొట్టించి రాత్రికి సగం ధరకు బేరమాడేవాడు. చీమకుర్తి క్వారీలో కూలికి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు జీతంలో కోసేవాడు. ఇలాంటివాళ్ళు అరవరు. "యాడికి బోయుండావబ్బయ్యా ఇన్నాళ్ళు? కూచో. మజ్జిగ తాగుతావా?" అని అడుగుతారు. బాకీ ఉన్నవాడికి వెన్నులో చలి పుట్టేది ఆ మజ్జిగ మాటకే. ఈ వాక్యాన్ని ఎంత మామూలుగా అంటే అంత పని చేస్తుంది.

యాస ఒక్క ప్రతినాయకుడికే పెట్టి, మంచివాళ్ళందరికీ పుస్తకం భాష పెట్టే రచన వస్తే దర్శకుడితో మాట్లాడి మార్పించండి. ఊళ్ళో మంచివాడూ చెడ్డవాడూ ఒకే యాస మాట్లాడతారు. పోటీ నాటికలు గంటలోపు ముగియాలి కాబట్టి పాత్రకు నెమ్మదిగా రాజుకునే వ్యవధి ఉండదు. మొదటి ప్రవేశంలోనే ఒక్క పనితో మనిషిని చూపించాలి. బాకీ కాగితాన్ని జాగ్రత్తగా, ప్రేమగా మడతపెట్టడం లాంటిదేదైనా.

ఆ రాత్రి, ఆ తర్వాత

రాత్రంతా నాటకమైతే టీలు ఎనిమిదికీ పదికీ పోతాయి, ప్రతిదాంట్లోనూ చక్కెర. వేషాలు తరచుగా ఒప్పుకునేవాళ్ళు నలభై దాటాక షుగర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. కిర్రు చెప్పులు, కాలి గొలుసులు ఒరిసి పుండు పడితే వెంటనే చూపించుకోవాలి. రాజనాల అంతటి నటుడికి మధుమేహం వల్ల చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1998లో ఆయన కన్నుమూశారు.

మంగళం అయ్యాక మీసం లాగవద్దు. కొబ్బరినూనెలో ముంచిన దూది అంచుల మీద రెండు నిమిషాలు ఉంచితే దానంతటదే వదులుతుంది. పాన్‌కేక్ కూడా నూనెతో కరిగించి, గుడ్డతో తుడిచి, తర్వాతే సబ్బు. కళ్ళ దగ్గర లోపలి నుంచి బయటికి తుడవాలి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ గట్టిగా మాట్లాడకండి. గుసగుసలూ వద్దు, అవి మామూలు మాటకంటే గొంతును ఎక్కువ నొక్కుతాయి. మీసం జాలీకి పట్టిన గమ్మును స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తీసి, వంపు పోకుండా కాగితపు గొట్టానికి అంటించి, డబ్బాలో పెట్టుకోండి. గదను గుడ్డసంచిలో వేసి కొక్కేనికి తగిలించాలి, నేల మీద పెడితే చెద పడుతుంది.